నిన్న చెయ్యి పెట్టిన చోటే చూడండి

(సాయంత్రం చదువుల కేంద్రంలో చేసిన ప్రసంగం)

అమ్మలారా, అక్కలారా, చెల్లెళ్లారా!



ఈ రోజు మీకు ఒక బండి సంగతి చెబుతాను. ఎద్దుల బండి కాదు. పెట్రోలుతో నడిచే పాత జీపు. "టీచరమ్మా, మాకు జీపు యాడుంది? ఈ కథ మాకెందుకు?" అని మీరు అడగొచ్చు. నిజమే, మనలో చాలామందికి బండ్లు లేవు. కానీ మన కూరగాయలు, నిమ్మకాయలు, పాలు బండి మీదనే పోతాయి. బండి ఆగితే మన కూలి ఆగుతుంది. బండి రిపేరుకు డబ్బు కావాలంటే ముందు మన మెడ వైపు, చెవుల వైపే చూస్తారు. అందుకే ఈ సంగతి మనకూ తెలియాలి.

ఇది మా ఇంట్లో జరిగింది.

మా జీపు

మాది గూడూరు దగ్గర ఒక పల్లె. గూడూరులో నిమ్మకాయల మార్కెట్ ఉంది. మా చుట్టుపక్కల నిమ్మతోటలు ఎక్కువ. మా నాయన కాయల బస్తాలు మార్కెట్‌కు తోలేవాడు. దానికి ఒక పాత పెట్రోలు జీపు కొన్నాడు. అది ప్రభుత్వ ఆఫీసు వాళ్ల వేలంలో వచ్చిన బండి. వెనుక సీట్లు తీసేసి రేకుల తొట్టి కట్టించాడు. అట్లా అది పికప్ బండి అయింది.

ఇది 2009 ఏప్రిల్ నెల మాట. అప్పుడు నేను చిన్నపిల్లను. బడిలో చదువుతున్నాను. ఎండాకాలంలో నిమ్మకాయకు మంచి ధర పలుకుతుంది. రోజూ కిరాయి ఉండేది. బండి నడుస్తూనే ఉంది కానీ లాగడం కొంచెం తగ్గింది. పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతోంది. "ఒకసారి ట్యూనింగ్ చేయిస్తే సరిపోతుంది" అన్నాడు నాయన. ఒక షెడ్డుకు తీసుకుపోయాడు.

ట్యూనింగ్ అంటే ఇంజన్‌ను మళ్లీ శ్రుతిలో పెట్టడం. పాత ప్లగ్గులు తీసి కొత్తవి వేశారు. పాయింట్లు మార్చారు. కార్బురేటర్ విప్పి కడిగారు. సాయంత్రం బండి ఇంటికి వచ్చింది. వచ్చింది అనేకంటే దేక్కుంటూ వచ్చింది అనాలి. ఇంజన్ దడదడ వణుకుతోంది. ముందు వైపు టప్ టప్ మంటోంది. వెనుక సైలెన్సర్‌లో ఢాం ఢాం మంటోంది. వీధిలో కుక్కలన్నీ మొరిగాయి.

నాయన మళ్లీ షెడ్డుకు పోయి అడిగాడు. మేస్త్రీ వచ్చి చూశాడు. చెవి పెట్టి విన్నాడు. "ఇంజన్ అయిపోయిందయ్యా. బోరు పని చేయాలి. 12,000 రూపాయలు అవుతుంది" అన్నాడు.

మా ఇంట్లో 12,000 రూపాయలు ఎక్కడివి? నాయన ఇంటికి వచ్చి అమ్మ చెవి కమ్మల వైపు చూశాడు. నోటితో అడగలేదు. అమ్మకు అర్థమైంది. తెల్లారితే ఎనిమిది బస్తాల కాయలు మార్కెట్‌కు పోవాలి. అందులో రెండు బస్తాలు మావి. మిగతావి మా అమ్మ పొదుపు సంఘంలోని ముగ్గురు ఆడవాళ్లవి. ఎండకు కాయ మెత్తబడితే ధర సగానికి సగం పడిపోతుంది.

అమ్మ వేసిన ప్రశ్న

మా అమ్మ బడికి పోలేదు. పెళ్లయ్యాక రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. పేరు రాస్తుంది. అంకెలు రాస్తుంది. నిదానంగా చదువుతుంది. బండి గురించి ఆమెకు ఏమీ తెలియదు. అయినా ఒక ప్రశ్న వేసింది.

"ఏమయ్యా, నిన్న పొద్దున బండి నడిచిందా లేదా?"

"నడిచింది."

"బస్తాలు వేసుకుని గూడూరు పోయి వచ్చిందా లేదా?"

"వచ్చింది."

"మరి ఇంజన్‌కు ఒక్క రాత్రిలో ముసలితనం వస్తుందా? ముసలితనం మెల్లగా గదా వచ్చేది! నిన్న బాగుండి ఈ రోజు చెడిందంటే, నిన్న చెయ్యి పెట్టిన చోటే ఏదో తేడా ఉంటుంది. అది చూడు ముందు."

అమ్మ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఇంజన్ అరిగిపోతే గుర్తులు ముందే తెలుస్తాయి. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. ఇంజన్ ఆయిలు మాటిమాటికీ తగ్గుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బలం చాలదు. ఇవి నెలల తరబడి మెల్లగా పెరుగుతాయి. మా బండిలో నీలం పొగ లేదు. ఆయిలు తగ్గలేదు. రిపేరు చేసిన రోజే జబ్బు వచ్చింది. అంటే జబ్బు రిపేరులోనే ఉంది.

ఇంజన్‌లో ఏం జరుగుతుంది?

అసలు సంగతి తెలియాలంటే ఇంజన్ గురించి కొంచెం తెలుసుకోవాలి. భయపడకండి. మన రోలు, పొయ్యి తెలిసినవాళ్లకు ఇది కష్టం కాదు.

మా జీపు ఇంజన్‌లో నాలుగు గదులు ఉన్నాయి. వాటిని సిలిండర్లు అంటారు. ఒక్కో సిలిండర్‌లో ఒక పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. ప్రతి సిలిండర్ నాలుగు పనులు చేస్తుంది. ఒకటి, గాలినీ పెట్రోలునూ కలిపి లోపలికి పీల్చడం. రెండు, దాన్ని గట్టిగా నొక్కడం. మూడు, నిప్పు తగిలి భగ్గున మండడం. నాలుగు, పొగను బయటికి వదలడం. మూడో పనిలోనే బలం పుడుతుంది. ఆ బలమే చక్రాలను తిప్పుతుంది.

గాలినీ పెట్రోలునూ కలిపేది కార్బురేటర్. ఇది మన పొయ్యి లాంటిదే. పొయ్యికి గాలి అందకపోతే పొగ వస్తుంది. గాలి మరీ ఎక్కువైతే మంట ఆరిపోతుంది. రెండూ సమంగా ఉండాలి.

నిప్పు రవ్వ ఇచ్చేది ప్లగ్గు. ప్రతి సిలిండర్‌కు ఒక ప్లగ్గు ఉంటుంది. ప్లగ్గుకు కరెంటు ఒక లావు తీగ ద్వారా వస్తుంది. నాలుగు ప్లగ్గులకు నాలుగు తీగలు. ఈ నాలుగు తీగలూ ఒక నల్లటి మూత దగ్గర కలుస్తాయి. అది డిస్ట్రిబ్యూటర్ మూత. మన మెకానిక్కులు దాన్ని డెల్కో అంటారు. దాని లోపల ఒక చిన్న ముక్క గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. పేరు రోటర్. పెళ్లి పంక్తిలో వడ్డించే మనిషిలాగా అది ఒక్కో తీగకూ వరసగా కరెంటు వడ్డిస్తుంది.

ఇక్కడ వరస చాలా ముఖ్యం. ఒకే రోట్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు రోకళ్లతో దంచడం మీరు చూసే ఉంటారు. ఒకరి పోటు తర్వాత ఒకరి పోటు పడాలి. వరస తప్పితే రోకలికి రోకలి తగులుతుంది. ఇంజన్ కూడా అంతే. మా జీపు ఇంజన్ వరస ఇది:

1 – 3 – 4 – 2

"1, 2, 3, 4 అని ఎందుకు లేదు?" అని మీరు అడగొచ్చు. ఈ ఇంజన్‌లో 1, 4 పిస్టన్లు కలిసి పైకి లేస్తాయి. 2, 3 కలిసి లేస్తాయి. ఒక జత పైకి పోతే రెండో జత కిందికి వస్తుంది. అందువల్ల లెక్క వరసలో నిప్పు పెట్టడం కుదరదు. అన్ని ఇంజన్లకూ ఇదే వరస ఉండదు. ఏ బండి వరస దానిది. బండి పుస్తకంలో రాసి ఉంటుంది.

పెద్దాయన చెప్పిన వరస, అమ్మ రాసిన అంకెలు

మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవారు. పాత రోజుల్లో జీపు డ్రైవరుగా పని చేశారు. కళ్లలో శుక్లాలు వచ్చి చూపు మసకబారింది. అమ్మ ఆయన్ను పిలుచుకొచ్చింది.

ఆయన శబ్దం విన్నారు. "ఇది బోరు పని కాదు. మిస్సింగ్ కొడతా ఉంది. ఒకటో రెండో సిలిండర్లు పని చెయ్యడం లేదు. ఏది చెయ్యడం లేదో ముందు కనిపెట్టాలి" అన్నారు.

ఎట్లా కనిపెట్టారో చెబుతాను. వినండి.

బండిని ఆరుబయట నిలిపారు. హ్యాండ్ బ్రేక్ వేశారు. గేరు న్యూట్రల్‌లో పెట్టారు. ఇంజన్ ఆపి, ఒక ప్లగ్గు తీగ పీకారు. దాని కొసను ఇంజన్ ఇనుముకు ఆనించి ఉంచారు. మళ్లీ స్టార్ట్ చేశారు. పని చేసే సిలిండర్ తీగ తీస్తే ఇంజన్ ఇంకా నీరసపడుతుంది. పని చెయ్యని సిలిండర్ తీగ తీస్తే ఏ తేడా ఉండదు. ఎందుకంటే అది ముందే పడుకుని ఉంది.

రేడియేటర్ వైపు ఉన్నది 1 నంబరు. ఆ తీగ తీస్తే ఇంజన్ స్టార్టే కాలేదు. మళ్లీ పెట్టారు. 2 నంబరు తీసినా అంతే. 3 నంబరు తీస్తే ఏ తేడా లేదు. 4 నంబరు తీసినా ఏ తేడా లేదు.

అమ్మ ఇదంతా నా నోటు పుస్తకంలో రాసింది. 1 మంచిది. 2 మంచిది. 3 లేదు. 4 లేదు.

"రెండూ ఒకేసారి చచ్చాయంటే తీగలు అటూ ఇటూ అయ్యాయేమో. నాకు కండ్లు కనబడవు. నువ్వు చూడమ్మా" అన్నారు పెద్దాయన.

అమ్మ మందుల పెట్టెలోని తెల్ల ప్లాస్టర్ తెచ్చింది. చిన్న ముక్కలు కత్తిరించింది. ఒక్కో ముక్క మీద పెన్నుతో 1, 2, 3, 4 అని రాసింది. ప్లగ్గు వైపు నుంచి ఒక్కో తీగనూ చేత్తో పట్టుకుని మూత దాకా పోయింది. అక్కడ ఆ అంకె అంటించింది. తీగలన్నీ నల్లగా ఒకే రకంగా ఉంటాయి. కంటితో చూస్తే పొరపాటు పడతాం. చేత్తో పట్టుకుపోతే పొరపాటు ఉండదు.

తర్వాత తాళం చెవి తీసేశారు. మూత పైకి ఎత్తారు. నాయన ముందు నుంచి హ్యాండిల్ పెట్టి ఇంజన్‌ను మెల్లగా తిప్పాడు. రోటర్ ఏ వైపు తిరుగుతోందో అమ్మ చూసింది. మూత మళ్లీ పెట్టి, ఆ వైపుగానే అంకెలు పైకి చదివింది.

"ఒకటి... నాలుగు... మూడు... రెండు."

పెద్దాయన నవ్వారు. "ఒకటి, మూడు, నాలుగు, రెండు కావాలి. దొరికింది దొంగ!" అన్నారు.

కొత్త ప్లగ్గులు వేసేటప్పుడు షెడ్డులోని కుర్రవాడు నాలుగు తీగలూ ఒకేసారి పీకినట్టున్నాడు. పెట్టేటప్పుడు 3, 4 తారుమారు అయ్యాయి. అందువల్ల 4 నంబరుకు నిప్పు ముందే తగిలింది. మంట కార్బురేటర్ వైపు తన్నింది. అదే ముందు వైపు టప్ టప్. 3 నంబరుకు నిప్పు ఆలస్యంగా తగిలింది. మంట సైలెన్సర్‌లోకి పోయింది. అదే వెనుక ఢాం ఢాం. నలుగురు లాగాల్సిన బండిని ఇద్దరే లాగారు. అందుకే దడదడ.

రెండు తీగలు మార్చి పెట్టారు. స్టార్ట్ చేశారు. టప్ టప్ లేదు. ఢాం ఢాం లేదు.

ఇంకో చిన్న జబ్బు

అందరం సంతోషించాం. కానీ పని ఇంకా పూర్తి కాలేదు. రేస్ ఇస్తే ఇంజన్ బాగా ఉంది. స్లోలో పెడితే ఇంకా కొంచెం వణికి ఆగిపోతోంది.

"ఒక తప్పు దొరికింది గదా అని చేతులు కడుక్కోవద్దు" అన్నారు పెద్దాయన. చెవి దగ్గర పెట్టి విన్నారు. కార్బురేటర్ కింద ఎక్కడో సన్నగా ఉస్స్ మని శబ్దం. పాము బుస కొట్టినట్టుంది. అక్కడ ఒక సన్న రబ్బరు గొట్టం ఉంది. కార్బురేటర్ విప్పినప్పుడు దాన్ని లాగారు. పాత రబ్బరు కదా, కొస చీలింది. ఆ చీలిక నుంచి దొంగ గాలి లోపలికి పోతోంది. పొయ్యికి గాలి ఎక్కువైనట్టే. ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు లోపల పీల్చే బలం ఎక్కువ, వాడే గాలి తక్కువ. అందుకే దొంగ గాలి దెబ్బ అప్పుడే ఎక్కువగా తెలుస్తుంది.

ఇంజన్ ఆపి, నాయన చీలిన కొసను బ్లేడుతో కోశాడు. మిగిలిన గొట్టం పొడవు సరిపోయింది. గట్టిగా నొక్కి పెట్టాడు. ఉస్స్ మనే శబ్దం ఆగింది. బండి స్లోలో నిలకడగా నడిచింది.

ఖర్చు ఏమీ కాలేదు. తెల్లవారుజామున ఎనిమిది బస్తాలూ గూడూరు పోయాయి. అమ్మ కమ్మలు అమ్మ చెవులకే ఉన్నాయి.

మర్నాడు నాయన షెడ్డుకు పోయి మేస్త్రీకి సంగతి చెప్పాడు. పోట్లాడలేదు. అమ్మ రాసిన కాగితం చూపించాడు. మేస్త్రీ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన చెడ్డవాడు కాదు. తొందరలో చూశాడు, తొందరలో చెప్పాడు. ఆ తర్వాత మా బండి పోయిన ప్రతిసారీ తీగలకు అంకెలు అంటించాకనే విప్పేవాడు.

జాగ్రత్తలు

ఇది విని మీరు వెంటనే ఇంజన్‌లో చేతులు పెట్టవద్దు. తెలిసినవారు పక్కన ఉండాలి. ఈ సంగతులు మరవద్దు.

ఇంజన్ నడిచేటప్పుడు ప్లగ్గు తీగ ముట్టుకోకూడదు. గట్టి షాక్ కొడుతుంది. ఫ్యాను, బెల్టు తిరుగుతుంటే చీర కొంగు, జడ, చున్నీ దగ్గరికి రానివ్వకూడదు. కొంగు నడుముకు దోపుకోవాలి. పెట్రోలు కారుతుంటే ఇంజన్ స్టార్ట్ చేయకూడదు. దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల వద్దు. మూసిన కొట్టంలో ఇంజన్ నడపకూడదు. ఆ పొగలో ఒక విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషి ప్రాణం తీస్తుంది.

మిస్సింగ్ కొట్టే బండిని అట్లాగే దూరం తోలకూడదు. మండని పెట్రోలు వృథాగా పోతుంది. ఇంజన్ కూడా పాడవుతుంది. ఆయిలు లైటు వెలిగినా, రేడియేటర్ పొగలు కక్కినా, లోపల ఇనుము కొట్టుకున్నట్టు శబ్దం వచ్చినా వెంటనే ఆపాలి. అది మేస్త్రీ చూడవలసిన పని.

ఇప్పటి బండ్లు

ఇప్పుడు వచ్చే కొత్త పెట్రోలు బండ్లకు కార్బురేటర్ లేదు. డెల్కో లేదు. ఎంత పెట్రోలు పోవాలో, ఎప్పుడు నిప్పు తగలాలో చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది. తప్పు ఉంటే డ్రైవరు ముందు ఇంజన్ గుర్తు లైటు వెలుగుతుంది. డీజిల్ ట్రాలీలకు నిప్పు రవ్వ ప్లగ్గులే ఉండవు. కానీ వాటికీ డీజిల్ ఫిల్టర్ మార్చినప్పుడు గొట్టంలో గాలి చేరితే ఇంజన్ తడబడుతుంది. ఆ గాలి తీసేస్తే సరిపోతుంది.

బండి మారినా మాట మారదు. రిపేరు తర్వాత చెడితే, రిపేరు చేసిన చోటే ముందు చూడాలి. కుట్టు మిషన్ అయినా, బోరు మోటారు అయినా, మందు కొట్టే పంపు అయినా ఇదే మాట.

చివరి మాట

అమ్మలారా! మా అమ్మకు జీపు నడపడం రాదు. ఇప్పటికీ రాదు. ఆమెకు వచ్చింది నాలుగు అంకెలు రాయడం, వాటిని వరసగా చదవడం. పెద్దాయనకు వరస తెలుసు, చూపు లేదు. నాయనకు చూపు ఉంది, కానీ 12,000 రూపాయల భయంలో ఆలోచన లేదు. ఆ సాయంత్రం అమ్మ రాసిన అంకెలే మా కమ్మలను కాపాడాయి.

"ఈ వయసులో అంకెలు నేర్చుకుని ఏం చేస్తాం?" అని మీలో కొందరు నన్ను అడిగారు. దానికి ఇదే నా జవాబు. మీరు నేర్చుకున్న అంకె ఎప్పుడు, ఎక్కడ పనికొస్తుందో ముందుగా చెప్పలేం. పనికొచ్చే రోజున మాత్రం అది మీ చేతిలో ఉండాలి.



గుర్తు పెట్టుకోండి

రిపేరుకు ఇచ్చే ముందు బండి ఎట్లా నడిచిందో రాసి పెట్టుకోండి.

ఏమేమి విప్పారు, ఏమేమి మార్చారు అని అడిగి రాయించుకోండి.

తీసేసిన పాత సామాను అడిగి తెచ్చుకోండి.

డబ్బు ఇచ్చే ముందు స్టార్ట్ చేయించి చూడండి. స్లోలోనూ, రేస్ ఇచ్చీ, రెండు విధాలా చూడండి.

తీగలు విప్పేటప్పుడు ఒక్కొక్కటిగా విప్పాలి. అంకె అంటించాకనే విప్పాలి.

పెద్ద ఖర్చు చెబితే ఆ రోజే ఒప్పుకోకండి. ఇంకొకరికి చూపించండి.

మాట్లాడుకోండి

1. ఇంజన్ అరిగిపోలేదని అమ్మ ఎట్లా అనుకుంది?

2. ముందు వైపు టప్ టప్, వెనుక ఢాం ఢాం ఎందుకు వచ్చాయి?

3. మీ ఇంట్లో రిపేరు తర్వాత చెడిన వస్తువు ఏదైనా ఉందా? అప్పుడు ముందు ఎక్కడ చూశారు? మీ నోటు పుస్తకంలో 5 మాటల్లో రాయండి.